మాటల గదిలో మార్కుల లెక్క

(మన సంఘ భవనమున యువజన విభాగపు సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నేటి విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. ఒక అంకెకు ఒకటి కలుపుట. ఇంతకు మించి ఏమియు లేదు. ఒకటి కలుపుట మనకు ఎవరును క్రొత్తగా నేర్పనక్కరలేదు. మన పెద్దలు తెలంగాణము నుండి షోలాపురమునకు వచ్చి మగ్గము పాతుకొన్ననాటి నుండియు నూలు లెక్కించుటయే మన బ్రతుకు. చిలపకు 840 గజములు. పౌను నూలులో ఎన్ని చిలపలు తూగునో అదియే ఆ నూలు కౌంటు. 20 కౌంటునకును 40 కౌంటునకును గల భేదము కన్ను మూసికొన్నను మన వ్రేళ్ళకు తెలియును. కాని మనము ప్రక్కన లేని వేళ యంత్రముచేత ఒకటి కలిపించుట వేరు విద్య. దానిలో ఎక్కడ ఒకటి జారిపోవునో ఎరుగనిచో నష్టపడువారు మన పిల్లలే.

ఆదివారపు తెలుగు ప్రశ్నావళిలో మార్కులను కంప్యూటరే లెక్కింపవలెనా, లేక ఒక మనిషి కాగితముమీద గీతలు గీచి లెక్కింపవలెనా అను ప్రశ్న కార్యవర్గము ముందున్నది. లోపల ఏమి జరుగుచున్నదో తెలియకుండ ఎటువైపున చేయి ఎత్తినను అది న్యాయము కాదు. నేను మెట్రిక్యులేషనుతో చదువు చాలించి నూలు దుకాణమున కూర్చున్నవాడను. ఈ స్క్రిప్టును చదివి గ్రహించుటకు నాకు ఆ చదువే చాలినది. మీకును చాలును.

ముందుగా ఈ మాటల గది యేమో చెప్పెదను. ఐ.ఆర్.సి. అను సంభాషణ పద్ధతిని ఫిన్లండు దేశమున ఔలు విశ్వవిద్యాలయమునకు చెందిన యార్కో ఓయికరినెన్ 1988 ఆగస్టులో కల్పించెను. 1993లో దాని నియమములు అచ్చులోనికి వచ్చినవి. విండోసు కంప్యూటర్లమీద దానిని వాడుటకు ఖాలెద్ మర్దమ్-బే అను ఆయన 1995లో మిర్క్ అను సాధనమును వెలువరించెను. నా యీడువారిలో కొందరు 2000 ప్రాంతమున సైబర్ కేఫులో గంటకింత అని చెల్లించి దీనియందే కాలక్షేపము చేసినవారు. ఇప్పుడు తల వంచుకొని నవ్వుచున్నారు గాన పేర్లు చెప్పను. అటు పిమ్మట క్రొత్త సాధనములు వేలకొలది వచ్చినవి. అయినను పాత కంప్యూటరుమీద, సన్నని లైనుమీద, బరువులేక నడచునది గనుక మన యువజనులు దీనినే ఎంచుకొనిరి. 2010లో వచ్చిన 7వ శ్రేణి మొదలు ఇందులో తెలుగు అక్షరములు చక్కగా కనబడుచున్నవి.

మిర్క్‌లో ఒక చిన్న భాష కలదు. ఆ భాషలో వ్రాసిన ఆజ్ఞల వరుసనే స్క్రిప్టు అందురు. పత్రికలో మనము తెలుగు లిపియందే అచ్చు వేయుదుము గాన ఆజ్ఞలను నేను తెలుగులో పలుకుచున్నాను. యంత్రముమీద మాత్రము వానిని రోమను అక్షరములలోనే కొట్టవలెను.

మారుచుండు అంకెను దాచు చోటునకు చలరాశి యని పేరు. మిర్క్‌లో ప్రతి చలరాశి పేరును శాతపు గుర్తుతో మొదలగును. %మార్కు అనగా మార్కు అను పేరుగల ఖాతా. మన ఆవర్జాలో ఒక పుటకు పైన పేరు వ్రాసి క్రింద నిలువ వేసినట్లే. /సెట్ %మార్కు 10 అనినచో ఆ పుటలో 10 అని పడును, ముందున్నది కొట్టివేయబడును. /అన్‌సెట్ %మార్కు అనినచో పుటయే చిరిగిపోవును. సున్న వేయుట వేరు, పుట చించుట వేరు అని గమనింపుడు.

ఇప్పుడు అసలు ఆజ్ఞ. /ఇంక్ %మార్కు. ఈ ఇంక్ సిరా కాదు. ఇంక్రిమెంటు అను మాటకు ముందుభాగము. మిల్లులో పనిచేసినవారికి ఇంక్రిమెంటు అనగా జీతపు పెరుగుదల అని చెప్పనక్కరలేదు. ఈ ఆజ్ఞ ఇచ్చినప్పుడెల్ల ఖాతాలోని అంకె ఒకటి పెరుగును. 10 ఉన్నచో 11 అగును. వెనుక ఒక అంకె చేర్చి /ఇంక్ %మార్కు 5 అనినచో ఒక్కసారిగా 5 పెరుగును. తగ్గించుటకు /డెక్ కలదు. దాని నడకయు ఇట్టిదే.

అసలు ఆ పేరుతో ఖాతాయే లేనప్పుడు ఇంక్ అనినచో ఏమగును? యంత్రము తప్పు పట్టదు. తానే ఖాతా తెరచి అందులో 1 వేయును. మన యిండ్లలో ధాన్యము కొలుచునప్పుడు మొదటి మానికను ఒకటి అనరు, లాభము అందురు. లాభము, రెండు, మూడు అని సాగును. ఖాతా లేనిచోట ఇంక్ అనుట ఆ లాభము వంటిది. క్రొత్తగా గదిలో చేరిన పిల్లకు ముందుగా సున్న వేసి పుట సిద్ధపరుపనక్కరలేదు; మొదటి సరియైన జవాబుతో పుట తనంత తానే పుట్టును. ఇది సౌకర్యమే. కాని పొరపాటున పేరులో ఒక్క అక్షరము మారినను యంత్రము అడ్డుపడదు, మారుమాటాడక మరియొక పుట తెరచును. మన తగవు పుట్టినది ఇక్కడనే. కొంచెము తాళుడు, అక్కడికే వచ్చుచున్నాను.

కళాశాలలో కంప్యూటరు చదువుచున్న మన కుర్రవారు ఒకటి కలుపవలెననినచో పేరు ప్రక్కన రెండు కూడిక గుర్తులు పెట్టుటకు అలవాటుపడిరి. మిర్క్ భాషలో ఆ వాడుక లేదు. %మార్కు = %మార్కు + 1 అని నిండుగా వ్రాయవచ్చును; పని అదే జరుగును. అయితే కూడిక గుర్తునకు ఇరువైపుల ఖాళీ విడువవలెను. విడువనిచో ఆ గుర్తును, ఆ ఒకటియు ఖాతా పేరులోనే కలిసిపోవును. మగ్గముమీద పోగునకు పోగునకు నడుమ అచ్చుపంటి సందు ఎట్లో, ఈ భాషలో మాటకు మాటకు నడుమ ఖాళీ అట్లు. కుండలీకరణములకును ఇదే నియమము. మన కుర్రవారు సగము ప్రొద్దు తప్పు వెదకునది ఈ ఖాళీలలోనే.

సెట్ తోను, ఇంక్ తోను ఏర్పడిన ఖాతా ఆవర్జాలోని పుట వంటిది. మిర్క్‌ను మూసివేసి మరునాడు తెరచినను నిలిచియుండును. అట్లు గాక, /వార్ అను ఆజ్ఞతో తెరచినది పలకమీది లెక్క. ఆ పని ముగియగానే తుడిచివేయబడును. మార్కులకు ఆవర్జా వాడవలెను. పది ప్రశ్నలను వరుసగా చదువుట వంటి పనికి పలక చాలును. ఆ వరుస పనిలో, అంకె పది దాటువరకు తిరుగుమని చెప్పి, లోపల ఇంక్ వ్రాయుట మరచినచో అంకె ఎన్నటికిని పది దాటదు, యంత్రము గానుగెద్దువలె తిరిగి తిరిగి స్తంభించును. కంట్రోలు మీటతో బ్రేకు మీట నొక్కినచో విడివడును. దీనిని గురించి ఇంతకన్న చెప్పనక్కరలేదు.

ఇక ప్రశ్నావళి నడచు తీరు. గదిలో ఎవరైన ఏదైన వ్రాసినప్పుడు పని చేయవలసిన ఆజ్ఞలను ఆన్ టెక్స్ట్ అను శీర్షిక క్రింద వ్రాయుదురు. పిల్ల వ్రాసినది సరియైన జవాబుతో సరిపోయినదా అని చూచి, సరిపోయినచో ఆ పిల్ల ఖాతాకు ఇంక్ చేసి, వెంటనే జవాబు దాచిన చలరాశిని అన్‌సెట్ చేయవలెను. ఈ చివరి పని చేయనిచో రెండవ పిల్లకును, మూడవ పిల్లకును కూడ మార్కులు పడుచునే యుండును. ఇద్దరు ఒకేసారి వ్రాసినచో ఇద్దరికి పడునేమో అని కొందరు అడిగిరి. పడదు. మిర్క్ ఒక వాక్యము పని ముగించిన పిదపనే రెండవదానిని ముట్టును. మరియొక సంగతి: స్క్రిప్టు నడపువాడు తాను వ్రాసిన మాటకు ఆన్ టెక్స్ట్ పలుకదు. కావున ప్రశ్నలడుగు యువకుడు పొరపాటున తానే జవాబు వ్రాసినను తనకు మార్కు పడదు. ఇది మనకు మేలే.

జవాబు మాటగా వ్రాయవలెనన్న మొదటి యేర్పాటును మన యువజనులు మానుకొనిరి. మంచిపని చేసిరి. ఇక్కడి పిల్లలు మరాఠీ బడిలో, హోసూరు పిల్లలు తమిళ బడిలో, బరంపురము పిల్లలు ఒడియా బడిలో చదువుచున్నారు. వారికి తెలుగు నోటికి వచ్చును, చేతికి రాదు. జవాబు తెలిసియు ఒత్తు తప్పినందున మార్కు పోయిన పిల్ల మరల తెలుగు ప్రశ్నకు చేయి ఎత్తదు. యంత్రమునకు ఒత్తు తప్పినను, జవాబే తప్పినను ఒకటే. ఇప్పుడు నాలుగు జవాబులు చూపి, 1 మొదలు 4 వరకు గల అంకెలలో ఒకదానిని కొట్టుమనుచున్నారు. కాని గడుసు పిల్లలు 1, 2, 3, 4 అని వరుసగా కొట్టివేసి మార్కు పట్టుకొనిరి. దీనికి మందు మరల ఇంక్ ఆజ్ఞయే. ప్రతివారికి %వంతు అను రెండవ ఖాతా తెరచి, వారు అంకె కొట్టినప్పుడెల్ల ఒకటి కలుపవలెను. వంతు 1 దాటినచో ఆ జవాబును చెవిని పెట్టరాదు. క్రొత్త ప్రశ్న వేయునప్పుడు /అన్‌సెట్ %వంతు* అని నక్షత్రపు గుర్తుతో చెప్పినచో ఆ పేరుతో మొదలగు పుటలన్నియు ఒక్కసారిగా పోవును. నక్షత్రమును ఎక్కడ పెట్టుచున్నామో చూచుకొనవలెను సుమా; %మార్కు ప్రక్కన పెట్టినచో ఏడాది మార్కులు గాలికి పోవును.

ఇప్పుడు తగవు సంగతి. పిల్లలందరికి ఒకే ఖాతా చాలదు గదా. ప్రతివారికి ఒక పుట కావలెను. ఇందుకై %మార్కు. అను మాటకు వెనుక, గదిలో ఆ పిల్ల పెట్టుకొన్న పేరును $+ అను అతుకు గుర్తుతో అంటింతురు. పేరు తెలుపు పదము $నిక్. ఇంక్ %మార్కు. $+ $నిక్ అనగా, ఇప్పుడు పలికినది ఎవరో వారి పుటలో ఒకటి కలుపుమని. ఆ పుటను తిరిగి చదువునప్పుడు చతురస్రపు కుండలీకరణములు రెండు జతలు వాడవలయును. అది కుర్రవారికి వదలుచున్నాను.

బరంపురము బాలిక ఒకతె గత నెలలో 11 ప్రశ్నలకు సరియైన జవాబు చెప్పినది. పట్టికలో 7 పడినవి. దూరపు ఊరివారమనియే చిన్నచూపు చూచితిరని ఆమె తండ్రిగారు నొచ్చుకొనిరి. వారి నొప్పిని నేను తప్పుపట్టను. ఊరూర నాలుగు కొంపలుగా చెదరియున్న మనలో ఒకరు నాకు అన్యాయము జరిగినదని తలచి వెడలిపోయినచో ఆ యిల్లు తిరిగి కలియుట కష్టము. జరిగినది యిది. నడుమ ఆమె లైను తెగినది. ఐ.ఆర్.సి.లో లైను తెగిన సంగతి సర్వరునకు వెంటనే తెలియదు. కొంతసేపు ఆ పేరు గదిలో దయ్యమువలె నిలిచియుండును. ఆమె మరల వచ్చినప్పుడు ఆ పేరు వాడుకలో నున్నదని చెప్పి, మిర్క్ ఆమె రెండవ పేరుతో లోపలికి పంపినది. స్క్రిప్టు ఆ రెండవ పేరునకు లాభము అని క్రొత్త పుట తెరచినది. మొదటి పుటలో 7, రెండవ పుటలో 4. ఒక్క మార్కైనను పోలేదు. రెండు పుటలలో పడినవి, అంతే. కార్యవర్గము ఆ నాలుగింటిని కలిపి 11గా పట్టిక సవరించినది. సవరించిన పట్టిక గత సంచికలోనే వెలువడినది.

ఇట్లు మరల జరుగకుండుటకు రెండు దారులు సూచింపబడినవి. గదిలో పేరు మార్చుకొన్నప్పుడు పనిచేయు ఆన్ నిక్ అను శీర్షిక కలదు. దానిలో పాత పేరు $నిక్, క్రొత్త పేరు $న్యూనిక్. దానిచేత పాత పుటను క్రొత్త పుటలోనికి ఎక్కింపవచ్చునని ఒకరనిరి. అది చాలదు. లైను తెగి తిరిగి వచ్చినది పేరు మార్చుకొనుట కాదు. ఆన్ నిక్ అప్పుడు పలుకదు. రెండవ దారి నాకు నచ్చినది. దుకాణములో ఏ ఖాతాదారుడు ఏ అంగీ తొడిగికొని వచ్చినను ఆవర్జాలో పుట సంఖ్య మారదు గదా. ప్రతి కుటుంబపు పిల్లకు ఒక సంఖ్య ఇచ్చి, గదిలోనికి వచ్చినప్పుడెల్ల ఆ సంఖ్యను చెప్పించి, పేరును సంఖ్యకు ముడివేసి, ఇంక్ చేయునది మాత్రము సంఖ్యగల పుటకే చేయవలెను. పేరు పదిసార్లు మారినను పుట ఒకటే.

లైను వేగమును గురించి యంత్రము న్యాయము చేయజాలదు. స్క్రిప్టు నడుచు కంప్యూటరునకు ముందుగా చేరిన జవాబే దానికి మొదటిది. పల్లెలో సన్నని లైనున్న పిల్ల ముందు కొట్టినను వెనుక చేరవచ్చును. కావున మొదటివారికే మార్కు అను నియమమును తీసివేసి, అర నిమిషములో సరియైన జవాబిచ్చిన వారందరికి మార్కు వేయవలెనని నా అభిప్రాయము. జవాబు చలరాశిని అన్‌సెట్ చేయు పంక్తిని అచటి నుండి తీసి గడువు చివరకు మార్చినచో చాలును. వంతు ఖాతా యుండనే యున్నది గనుక ఒక్కరికి రెండు మార్కులు పడవు.

ప్రశ్నల పొడుగును గురించి ఒక మాట. ఐ.ఆర్.సి.లో ఒక వాక్యమునకు 512 బైట్ల హద్దు. గది పేరు మొదలగునవి అందులోనే పోవలెను. రోమను అక్షరమునకు ఒక బైటు చాలగా, తెలుగులో ప్రతి అక్షరమునకు, ప్రతి గుణింతపు గుర్తునకు, ఒత్తు కలుపు గుర్తునకు మూడేసి బైట్లు పట్టును. అందుచేత మన ప్రశ్న ఇంగ్లీషు ప్రశ్నకు మూడవ వంతు పొడుగే యుండవలెను. పండితులు దీర్ఘసమాసములతో ప్రశ్నలు పంపుచున్నారు. నడుమ తెగి సగమే పిల్లలకు చేరుచున్నది. పెద్దలు మన్నింపవలెను.

యంత్రపు లెక్కను వలదనువారి వాదములో నాకు బరువైనదిగా తోచినది ఒకటి కలదు. ఖాతాలున్నది స్క్రిప్టు నడపువాని కంప్యూటరులో. అతడు చలరాశుల పుట తెరచి 7ను 17గా దిద్దినచో అడ్డగించువారెవరు? నిజమే, అడ్డగింపదు. కాగితముమీద గీతలు గీచువాడును దిద్దవచ్చును. దీనికి మందు యంత్రములో లేదు, మన అంగడిలో కలదు. ధాన్యము కొలుచువాడు లాభము, రెండు, మూడు అని బిగ్గరగా అనుట అమ్మువాడును కొనువాడును ఇద్దరు వినుటకే. స్క్రిప్టులో ఇంక్ వెనుకనే మరియొక పంక్తి వేసి, ఫలాని సంఖ్యకు ఒకటి కలిసి ఇంత అయినదని గదిలో అందరికి కనబడునట్లు వ్రాయింపవలెను. నాలుగూళ్ళ వారును ఆ గది మాటలను తమ తమ కంప్యూటర్లలో దాచుకొనవచ్చును. అప్పుడు ఆవర్జా ఒకరి యొద్దనున్నను చిట్టా అందరి యొద్ద నుండును. ఈ పంక్తి లేనిచో నేను కాగితమువైపే చేయి ఎత్తుదును, ఉన్నచో యంత్రమువైపు.

అల్లరి మాట మిగిలినది. కొందరు బాలురు అర్థము లేని మాటలు వరుసగా కొట్టి గది నింపుచున్నారు. /ఇంక్ నకు -యు10 అని చేర్చినచో ఆ ఖాతా 10 సెకండ్ల పిదప తనంత తానే చెరిగిపోవును. ఒక పిల్లవాని పలుకులను ఇట్టి ఖాతాలో లెక్కించి, అంకె హద్దు దాటినచో కొంతసేపు అతని మాట ఆపవచ్చును. శిక్ష తానే తీరిపోవును. ఎవరును వెనుకటి అల్లరిని ఆవర్జాలో మోసికొని తిరుగనక్కరలేదు. హద్దు ఎంత యుండవలెనో తల్లులను అడిగి నిర్ణయింపుడు.

పిల్లల సంఖ్య వందలలోనికి పెరిగినచో ఇన్ని చలరాశులు గాక హాష్ పట్టిక అను మరియొక ఏర్పాటు కలదు. అందులో ఒకటి కలుపుటకు /హింక్ ఆజ్ఞ. ఆ పట్టికను /హెచ్‌సేవ్ తో దాచనిచో మిర్క్ మూయగానే పోవును. ఇప్పటికి మనకు అవసరము లేదు.

స్క్రిప్టు ప్రతులు ద్వారము కడ నున్నవి, రెండు పుటలే. కంప్యూటరు ప్రక్క గదిలో తెరచియున్నది. ఆల్ట్ మీటతో ఆర్ మీట నొక్కినచో స్క్రిప్టును, చలరాశుల పుటయు కనబడును. చేయి ఎత్తుటకు ముందు ఒక్కొక్కరు వచ్చి ఒకసారి ఇంక్ కొట్టి చూడుడు. కుటుంబ సంఖ్యలకు పేర్లు వ్రాయించుకొనువారు కార్యదర్శిగారి యొద్ద ఇప్పుడే వ్రాయింపవచ్చును. దూరపు ఊళ్ళవారు ఉత్తరమున తెలిపినను చాలును.